అంబాసిడర్ పునరుద్ధరణ: ముందు రేకు, తర్వాత ఇంజన్

భారతదేశపు రోడ్ల మీద అర్ధ శతాబ్దానికి పైగా తిరిగిన అంబాసిడర్ కారు, బ్రిటన్‌లో మోరిస్ కంపెనీ 1956లో విడుదల చేసిన ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి కారుకు భారతీయ రూపం. బి.ఎం. బిర్లా 1942లో స్థాపించిన హిందుస్థాన్ మోటార్స్ సంస్థ తొలుత గుజరాత్ తీరంలోని ఓఖా రేవులో కార్లను బిగించే పని మొదలుపెట్టి, 1948లో కలకత్తాకు దగ్గరలోని ఉత్తరపారకు తరలివెళ్లి, అక్కడే 1950ల చివరి నుంచి 2014 మే నెల వరకు ఈ కారును తయారుచేసింది. ఈ సుదీర్ఘ కాలంలో ముందు జాలీ, దీపాలు, డ్యాష్‌బోర్డు మారాయి. మార్క్ 2, మార్క్ 3, మార్క్ 4, నోవా అంటూ పేర్లు మారాయి. 1990లలో జపాన్‌కు చెందిన ఇసుజు కంపెనీ రూపొందించిన 1800 సీసీ ఇంజన్ కూడా వచ్చి చేరింది. గుండ్రటి పైకప్పు, విశాలమైన వెనుక సీటు, మందపాటి రేకు మాత్రం చివరిదాకా అలాగే నిలిచాయి.

నిజాం ప్రభువుల 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్ హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో సందర్శకుల కోసం భద్రంగా ఉంది. కలెక్టరాఫీసుల ముందు, ట్యాక్సీ స్టాండుల్లో, పెళ్లి ఊరేగింపుల్లో పదిమందికీ పనికొచ్చిన అంబాసిడర్‌కు అలాంటి ఆదరణ ఎక్కువగా దక్కలేదు. అది అందరికీ తెలిసిన కారు కావడం వల్లనే చాలామంది దాన్ని దాచుకోవలసిన వస్తువుగా చూడలేదు; ఫలితంగా ఎన్నో కార్లు తూకానికి పోయాయి, మిగిలినవాటిలో కొన్ని ఇళ్ల వెనుక రేకుల షెడ్లలో టైర్లలో గాలి పోయి, పందికొక్కులు వైర్లు కొరికేసిన స్థితిలో నేటికీ ఉన్నాయి. అటువంటి కారును మళ్లీ రోడ్డు మీదికి తీసుకురావడం ఎలా, ఏ పని ముందు, ఏ పని వెనుక అన్నదే ఈ ప్రసంగంలోని విషయం.

పాత కారును బయటికి లాగినవారిలో ఎక్కువమంది మొదట చేసే పని కొత్త బ్యాటరీ తెచ్చి ఇంజన్‌ను స్టార్ట్ చేయబోవడం. ఉత్సాహం అర్థం చేసుకోదగినదే, కానీ ఆ వరుస రెండు విధాలా నష్టం కలిగిస్తుంది. ఏళ్ల తరబడి కదలని ఇంజన్‌ను ఒక్కసారిగా తిప్పితే, బాగుచేయదగిన స్థితిలో ఉన్న భాగాలు సైతం విరుగుతాయి. అంతకన్నా ముఖ్యమైన సంగతి, కారు బతుకుతుందా లేదా అన్న ప్రశ్నకు సమాధానం ఇంజన్‌లో దొరకదు, అడుగు రేకులో దొరుకుతుంది. ఇంజన్ పోత ఇనుముతో చేసిన బరువైన వస్తువు. అది ఎంత అరిగినా కొలిచి, లేత్ మీద కోసి, కొత్త పిస్టన్లు వేసి నిలబెట్టవచ్చు. తుప్పు తినేసిన బాడీకి అంత సులువైన మార్గం లేదు.

దీనికి కారణం ఈ కారు నిర్మాణంలోనే ఉంది. లారీలకు, జీపులకు అడుగున చాసిస్ అనే ఉక్కు చట్రం వేరుగా ఉండి, దాని మీద బాడీని బిగిస్తారు. అంబాసిడర్‌కు అటువంటి ప్రత్యేక చట్రం లేదు. నేల రేకు, తలుపుల కింద పొడవునా సాగే పెట్టె ఆకారపు గొట్టాలు, తలుపుల మధ్య స్తంభాలు, పైకప్పు అన్నీ ఒకదానితో ఒకటి వెల్డింగ్‌తో కలిసి మొత్తం బరువును మోస్తాయి. ఈ పద్ధతిని మోనోకాక్ నిర్మాణం అంటారు. తలుపుల కింది పెట్టె గొట్టాలను సిల్స్ అని పిలుస్తారు. ముందు చక్రాలను మోసేది టార్షన్ బార్, అంటే మెలితిప్పినప్పుడు తిరిగి యథాస్థితికి రావడానికి ప్రయత్నించే పొడవైన ఉక్కు కడ్డీ. దాని వెనుక కొస నేల రేకు కింద ఉన్న అడ్డదూలం దగ్గర బిగించి ఉంటుంది. వెనుక కమాన్ కట్టలు వేలాడే కొక్కేలు కూడా బాడీకే బిగించి ఉంటాయి. కనుక సిల్, అడ్డదూలం, కమాన్ కొక్కెం ఈ మూడింటిలో ఏది కుళ్లినా పైకి ఎంత మెరిసే రంగు ఉన్నా ఆ కారు ప్రయాణానికి పనికిరాదు.

తుప్పు అనేది ఇనుము, ప్రాణవాయువు, నీరు కలిసినప్పుడు ఏర్పడే ఆక్సైడు. అది పుట్టిన ఇనుముకన్నా ఎక్కువ స్థలాన్ని ఆక్రమిస్తుంది కనుక రెండు రేకులు అతుక్కున్న చోట పుడితే వాటిని లోపలి నుంచి ఉబ్బించి విడదీస్తుంది. రంగు కింద పుడితే రంగును పొక్కులుగా లేపుతుంది. అల్యూమినియం మీద ఏర్పడే పొర లోపలి లోహాన్ని కాపాడితే, ఇనుము మీది తుప్పు రాలుతూ కొత్త ఉపరితలాన్ని బయటపెడుతూ పోతుంది. ఉప్పు నీటిలో విద్యుత్తు సులువుగా ప్రవహిస్తుంది, తుప్పు పట్టడం కూడా విద్యుత్ రసాయన చర్యే. అందువల్ల విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి తీర పట్టణాల్లో నిలిచిపోయిన కారుకు, హైదరాబాద్‌లోనో అనంతపురంలోనో నిలిచిన కారుకు మధ్య తేడా అడుగు భాగం చూడగానే తెలుస్తుంది. తీర ప్రాంతపు కారును చవకగా వస్తోందని కొనేవారు, ఆ తేడాను రేకు పని ఖర్చులో తప్పక చెల్లించవలసి వస్తుంది.

పరీక్షకు ఖరీదైన పరికరాలేవీ అక్కరలేదు. ఒక చిన్న అయస్కాంతాన్ని పలుచని గుడ్డలో చుట్టి సిల్స్ మీద, మడ్‌గార్డుల అంచుల మీద, తలుపుల కింది భాగంలో నడిపిస్తే, అది గట్టిగా పట్టుకున్న చోట ఉక్కు ఉన్నట్టు, జారిపోయిన చోట పుట్టీ, అంటే షెడ్లలో లప్పం అని పిలిచే పూత, మందంగా ఉన్నట్టు లెక్క. కుళ్లిన రేకు మీద పుట్టీ వేసి రంగు కొట్టడం చెదపట్టిన దూలానికి సున్నం వేయడం వంటిది. తరువాత కారును జాకీల మీద కాకుండా గట్టి స్టాండుల మీద నిలిపి, రబ్బరు మ్యాట్లు, వాటి కింది తారు పలకలు పూర్తిగా లేపి, స్క్రూడ్రైవర్ పిడితో నేల రేకు అంతటా తట్టాలి. గట్టి రేకు ఖంగుమంటుంది, కుళ్లిన రేకు మొద్దుగా పలుకుతుంది, మరీ కుళ్లినది ఆ దెబ్బకే చిల్లు పడుతుంది. తలుపు అడుగు అంచులో వాన నీరు పోవడానికి చిన్న రంధ్రాలు ఉంటాయి. అద్దం గాడి గుండా దిగిన నీరు అక్కడి నుంచి బయటికి పోవాలి. దుమ్ము, పాత రంగు ఆ రంధ్రాలను పూడ్చేస్తే తలుపు లోపల నీరు నిలిచి రేకును లోపలి నుంచి తింటుంది. డిక్కీలో స్పేర్ చక్రం కింద, ముందు అద్దం రబ్బరు కింద కూడా ఇదే కథ జరుగుతుంది.

రేకు కోసి కొత్త ముక్క వేసే పనిని దక్షిణాది షెడ్లలో టింకరింగ్ అంటారు. ఇందులో మెళకువ అంతా కోయడానికి ముందే ఉంది. సిల్‌ను తీసేస్తే కారు మధ్యలో కుంగుతుంది. కుంగిన స్థితిలోనే కొత్త సిల్‌ను అతికితే ఆ వంకర శాశ్వతమై, తర్వాత తలుపులు పడవు, అద్దాలు పగులుతాయి. కాబట్టి తలుపు సందుల్లో అడ్డంగా, ఐమూలగా ఉక్కు కడ్డీలను తాత్కాలికంగా వెల్డ్ చేసి, ఒక వైపు పని పూర్తిగా ముగిశాకే రెండో వైపు ముట్టుకోవాలి. తలుపును మధ్యమధ్యలో బిగించి, దాని చుట్టూ సందు అంతటా సమానంగా ఉందో లేదో చూసుకుంటూ పోయే టింకరే మంచి టింకరు. గ్యాస్ వెల్డింగ్ మంట విస్తారమైన ప్రాంతాన్ని వేడెక్కించి రేకును ముడతలు పడేలా చేస్తుంది. కార్బన్ డయాక్సైడ్ వాయువు రక్షణలో సన్నని తీగతో చేసే వెల్డింగ్‌లో వేడి అతుకు దగ్గరే ఉంటుంది, అక్కడ కూడా ఒకే గీతగా లాగకుండా దూరదూరంగా చుక్కలు పెడుతూ, చల్లారనిచ్చి, మధ్య ఖాళీలను నింపడం మేలు. అతుకు పూర్తయ్యాక లోపలి ఖాళీల్లోకి మైనపు ద్రవాన్ని పిచికారీ చేయకపోతే కొత్త సిల్ కూడా పాతదాని దారినే పోతుంది.

బోల్టులు, బ్రాకెట్లు, హార్న్ తొడుగు వంటి చిన్న భాగాల తుప్పు వదిలించడానికి విద్యుద్విశ్లేషణ పద్ధతి చాలా శ్రేష్ఠమైనది, ఎందుకంటే అది తుప్పును మాత్రమే తీసి మంచి లోహాన్ని ముట్టదు. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు పోసి కొద్దిగా చాకలి సోడా కలిపి, తుప్పు పట్టిన భాగాన్ని బ్యాటరీ చార్జర్ రుణ ధ్రువానికి, ఒక పాత ఇనుప పలకను ధన ధ్రువానికి కలిపి, రెండూ తగలకుండా ముంచాలి. గంటల వ్యవధిలో తుప్పు నల్లని మడ్డిగా మారి బ్రష్‌తో రుద్దితే ఊడిపోతుంది. ఆ చర్యలో మండే స్వభావం గల హైడ్రోజన్ వెలువడుతుంది కనుక ఆరుబయట చేయాలి. ధన ధ్రువం దగ్గర స్టెయిన్‌లెస్ స్టీల్ వాడితే విషపూరితమైన క్రోమియం సమ్మేళనాలు నీటిలో కలుస్తాయి కనుక ఆ పని ఎంత మాత్రమూ చేయరాదు.

బాడీ నిలుస్తుందని తేలిన తరువాతే ఇంజన్ మీద డబ్బు పెట్టడం న్యాయం. పాత అంబాసిడర్లలో ఎక్కువ కాలం వచ్చినది బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ రూపొందించిన బి శ్రేణి 1489 సీసీ పెట్రోలు ఇంజన్. నాలుగు సిలిండర్లు, ఒక్కో సిలిండర్ వ్యాసం సుమారు 73 మిల్లీమీటర్లు, పిస్టన్ ప్రయాణించే దూరం సుమారు 89 మిల్లీమీటర్లు. వ్యాసం కన్నా ప్రయాణం ఎక్కువ కావడం వల్ల అది తక్కువ వేగంలోనే బాగా లాగుతుంది. క్రాంకు, అంటే పిస్టన్ల పైకీ కిందికీ కదలికను గుండ్రటి తిరుగుడుగా మార్చే షాఫ్టు, మూడే మూడు ప్రధాన బేరింగుల మీద తిరుగుతుంది; అందుకే ఈ ఇంజన్‌ను విపరీతమైన వేగంతో పరుగెత్తించడం దాని స్వభావానికి విరుద్ధం. నెమ్మదిగా, నిలకడగా నడిపినవారికి అది లోటు చేయలేదు.

నిలిచిపోయిన ఇంజన్‌లో ప్రధాన సమస్య పిస్టన్ రింగులు సిలిండర్ గోడకు తుప్పుతో అతుక్కోవడం. మెకానిక్కులు దీన్ని ఇంజన్ పట్టేసింది అంటారు. ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్‌లో డీజిల్, ఇంజన్ ఆయిల్ కలిపిన మిశ్రమం కొంచెం పోసి, కొన్ని రోజులు అలాగే వదిలి, మధ్యలో మళ్లీ పోస్తూ ఉండాలి. ఆపైన టాపెట్ మూత తీసి, వాల్వులు గైడ్లలో స్వేచ్ఛగా కదులుతున్నాయో లేదో చూడాలి. బిగుసుకుపోయిన వాల్వు ఉండగా ఇంజన్‌ను తిప్పితే దాన్ని నెట్టే కడ్డీ వంగిపోతుంది. అప్పుడు స్టార్టర్ మోటారుతో కాక, ముందు బంపరు సందులోంచి దూర్చే హ్యాండిల్‌తో, చేతి బలంతో, ఇటు కొంచెం అటు కొంచెం ఆడించాలి. చేతికి తెలిసే ఎదురుబలం మోటారుకు తెలియదు.

ఇంజన్ తిరిగాక కంప్రెషన్ పరీక్ష చేస్తారు. ప్లగ్గు రంధ్రంలో గేజ్ పెట్టి, ఇంజన్ తిప్పి, లోపలి గాలి ఎంత ఒత్తిడికి చేరుతోందో ఒక్కో సిలిండర్‌కు రాసుకుంటారు. ఒత్తిడి తక్కువగా చూపిన సిలిండర్‌లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే, ఈసారి అంకె గణనీయంగా పెరిగితే ఆ నూనె అరిగిన రింగుల సందును తాత్కాలికంగా మూసిందని, అంటే లోపం రింగుల్లోనో సిలిండర్ గోడలోనో ఉందని తెలుస్తుంది. అంకె కదలకపోతే గాలి పైనుంచి వాల్వుల గుండా పోతోందని గ్రహించాలి. పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లు రెండూ తక్కువ చూపితే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్, అంటే సిలిండర్లున్న బ్లాకుకూ దాని పైమూత అయిన హెడ్‌కూ మధ్య ఉండే పొర, కాలిపోయి ఉండవచ్చు. ఇంజన్ దించకుండానే, ఒక చెంచా నూనెతో ఇంత సమాచారం ఇచ్చే పరీక్ష మరొకటి లేదు.

ఇంజన్ విప్పిన తర్వాత కొలత రాజ్యం మొదలవుతుంది. సిలిండర్ గోడ అంతటా ఒకేలా అరగదు; పై రింగు వెళ్లి ఆగే చోటుకు కాస్త దిగువన ఎక్కువగా, అడుగున తక్కువగా అరుగుతుంది, ఒక పక్కకు ఎక్కువగా అరిగి కోడిగుడ్డు ఆకారం దాలుస్తుంది. కాబట్టి డయల్ గేజ్‌తో పైన, మధ్యన, అడుగున, ప్రతిచోటా రెండు దిశల్లో కొలవాలి. కొలతలు అంగుళంలో వెయ్యో వంతు లెక్కన ఉంటాయి. దాన్నే లేత్ పనివారు ఒక థౌ అంటారు. అరుగుదల పరిమితి దాటితే సిలిండర్‌ను పెద్దది చేసి, దానికి తగిన ఓవర్‌సైజ్ పిస్టన్లు వేస్తారు. ఇవి 10, 20, 30, 40 థౌల మెట్లలో ఉంటాయి. చివరి మెట్టు దాటిన బ్లాకులో స్లీవ్, అంటే కొత్త ఇనుప గొట్టం, దిగ్గొట్టి మళ్లీ అసలు కొలతకు తెస్తారు. ఇక్కడ ఒక విన్నపం అవసరం: 10 థౌలతో సరిపోయే చోట, ఎలాగూ విప్పాం కదా అని 40 థౌలు కోయించడం ఆ బ్లాకు ఆయుష్షును ఒక్కనాడే ఖర్చు చేయడం అవుతుంది. లేత్ మీద పోయిన ఇనుము తిరిగి రాదు.

క్రాంకుకు, బేరింగు చిప్పలకు మధ్య ఉండే సందు మరీ సున్నితమైనది, ఎందుకంటే ఆయిల్ పొర నిలిచేది ఆ సందులోనే. దాన్ని కొలవడానికి వెంట్రుకలా సన్నని ప్లాస్టిక్ పోగును బేరింగు మీద పెట్టి, మూతను టార్క్ రెంచ్‌తో నిర్ణీత బలానికి బిగించి, మళ్లీ విప్పి, నలిగిన పోగు ఎంత వెడల్పు అయిందో దాని సంచి మీది కొలబద్దతో పోల్చి చూస్తారు. ఎక్కువ వెడల్పు అయితే సందు తక్కువ, తక్కువ వెడల్పు అయితే సందు ఎక్కువ. బ్లాకులోని నీటి దారుల్లో పేరుకున్న తుప్పు మడ్డిని కడగడం, ఆ దారుల మూతలుగా ఉండే పలుచని కోర్ ప్లగ్గులన్నిటినీ మార్చడం కూడా ఇంజన్ బయట ఉన్నప్పుడే సాగాలి. ఇంజన్ కారులో కూర్చున్నాక వెనుక ప్లగ్గు కారితే మొత్తం పని మళ్లీ మొదటికి వస్తుంది.

ఇంధనం సంగతి వేరే జాగ్రత్త కోరుతుంది. ఈ ఇంజన్లు సీసం కలిపిన పెట్రోలు కాలంలో పుట్టాయి. ఆ సీసం వాల్వు, దాని పీట పరస్పరం అరగకుండా మధ్యలో పలుచని పొరగా పనిచేసేది. దేశమంతటా 2000 సంవత్సరంలో సీసం పెట్రోలు ఆగిపోయింది. అది ప్రజల ఆరోగ్యానికి, ముఖ్యంగా పిల్లలకు, ఎంతో మేలు చేసిన నిర్ణయం. పాత పోత ఇనుప హెడ్‌లో మాత్రం పొగ వదిలే వాల్వుల పీటలు అరిగి కుంగే ప్రమాదం ఉంది కనుక, హెడ్ లేత్ మీద ఉన్నప్పుడే గట్టి ఉక్కు పీటలు వేయించడం మంచిది. ఇక నేటి పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది, పాత రబ్బరు గొట్టాలను, పంపులోని పొరలను, కార్బురేటర్‌లోని కార్క్ వాషర్లను మెత్తబరుస్తుంది. వాటన్నిటినీ ఇథనాల్‌ను తట్టుకునే కొత్త రకాలతో మార్చి, కారును నెలల తరబడి నిలిపేటప్పుడు ట్యాంకులో పెట్రోలు వదలకుండా ఉండటం అవసరం.

పాత ఇంజన్ తీసేసి వేరే డీజిల్ ఇంజన్ పెట్టించుకోవడం మన షెడ్లలో మామూలు సలహా. ఆ సలహా వినేముందు చట్టం తెలుసుకోవాలి. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ వాహనాల కోసం నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న వాహనానికి వీఏ అక్షరాలు గల ప్రత్యేక సంఖ్య ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు, అది పదేళ్లు చెల్లుతుంది. అటువంటి వాహనాన్ని ప్రదర్శనలకు, ర్యాలీలకు, ఇంధనం, మరమ్మతు వంటి అవసరాలకు రోడ్డు మీద నడపవచ్చు గాని, రోజువారీ వాడకానికి, కిరాయికి వీలు లేదు. ఇంజన్ మార్చినవారికి ఈ దారి మూసుకుపోవచ్చు. ఏ దారిలో వెళ్లినా ఆర్‌సీ పుస్తకంలోని ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు కారు మీది నంబర్లతో సరిపోవాలి కనుక, రేకు పనిలో ఆ నంబరు పలకను ఊడబెరికి పారేయకుండా చూసుకోవాలి.

బ్రేకుల విషయంలో పొదుపు పనికిరాదు. బ్రేక్ ద్రవం తేమను పీల్చుకునే స్వభావం గలది, కనుక నిలిచిన కారులో చక్రాల దగ్గరి సిలిండర్లు లోపలి నుంచి తుప్పు పట్టి ఉంటాయి. సిలిండర్లు, రబ్బరు గొట్టాలు, బాడీ వెంట సాగే సన్నని గొట్టాలు అన్నీ కొత్తవి కావాలి. వైర్ల పై తొడుగు ఎండి పగిలి ఉంటే మొత్తం కట్టను మార్చడమే సురక్షితం. కొన్ని పాత బ్రిటిష్ కార్లలో బ్యాటరీ ధన ధ్రువాన్ని బాడీకి కలిపేవారు కనుక, కొత్త బ్యాటరీ బిగించేముందు పాత తీగలు ఎలా ఉన్నాయో గుర్తుపెట్టుకోవాలి.

మొదటిసారి స్టార్ట్ చేసే రోజున ప్లగ్గులు తీసి, ఆయిల్ ఒత్తిడి గేజ్ కదిలే వరకు ఇంజన్‌ను స్టార్టర్‌తో తిప్పితే, బేరింగులకు ముందే నూనె చేరుతుంది. తర్వాత ప్లగ్గులు బిగించి, వాటి తీగలను ఇంజన్ మంట వరుస అయిన 1, 3, 4, 2 ప్రకారం కలపాలి. కొత్త క్యామ్, అంటే వాల్వులను తెరిపించే షాఫ్టు, టాపెట్లు వేసి ఉంటే, ఇంజన్‌ను నెమ్మదిగా తిరగనివ్వకుండా మధ్యస్థ వేగంలో సుమారు ఇరవై నిమిషాలు నడపాలి. అప్పుడే క్యామ్‌కు విసిరిన నూనె చాలినంతగా అందుతుంది. నేటి కార్ల కోసం చేసే ఆయిళ్లలో జింక్ సమ్మేళనం తగ్గించారు కనుక, ఇటువంటి ఇంజన్‌కు ఆ సమ్మేళనం తగినంత ఉన్న 20డబ్ల్యూ-50 ఖనిజ నూనెను ఎంచుకోవాలి. మొదటి కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత ఆ నూనెను పూర్తిగా దించి, అందులో మెరిసే లోహపు రజను ఎంత ఉందో వెలుతురులో చూసి, చల్లారిన ఇంజన్ మీద హెడ్ బోల్టులను తయారీదారు చెప్పిన వరుసలో మళ్లీ బిగించి, టాపెట్ సందులు మళ్లీ సరిచేయాలి. అప్పటిదాకా బరువైన లోడు, ఘాట్ రోడ్డు, దూర ప్రయాణం పెట్టుకోకూడదు.